నిద్రపోతుండగా ఉడికే ఫలహారం



ఒక చలికాలపు ఉదయం మా బడిలో ప్రార్థన జరుగుతోంది. తొమ్మిదో తరగతి వరసలో నిలబడిన ఒక అమ్మాయి ఉన్నట్టుండి కళ్లు తిరిగి కూలబడింది. నీడకు తీసుకువెళ్లి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగాను.

"ఏం తినలే సార్. అమ్మ పొద్దుగాల్నే మిరపకాయ ఏరబోయింది. నేను పొయ్యి ముట్టిస్తే బడికి ఆలస్యమైతదని అట్లనే వచ్చిన" అంది.

మాది వరంగల్లు దగ్గరి ఊరు. జనవరి వచ్చిందంటే మిరపచేలలో ఏరుడు మొదలవుతుంది. తెల్లవారకముందే కూలీలతో ఆటోలు బయలుదేరతాయి. ఆ ఇళ్లలో పిల్లలు చాలామంది ఖాళీ కడుపుతోనే బడికి వస్తారు. అమ్మకు తీరిక లేదు, పిల్లలకు సమయం లేదు.

ఆ రోజు మా తరగతిలో చెప్పవలసిన పాఠం ఉష్ణం. పుస్తకం తెరవకుండా పిల్లలను ఒక ప్రశ్న అడిగాను. "రాత్రి తొమ్మిదింటికి పొయ్యి మీదనుంచి దించిన గిన్నె, మీరు నిద్రపోతుండగా తనంతట తానే ఉడికి, పొద్దున ఆరింటికి పొగలు కక్కుతూ మీ ముందుంటే ఎట్లా ఉంటుంది?"

అందరూ నవ్వారు. "మంత్రమా సార్?" అన్నాడొకడు.

మంత్రం కాదు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న ఉష్ణవహనమే. ఎలాగో చూద్దాం రండి.

ఉడకడానికి కావలసింది మంటా, వేడా?

అన్నం ఉడకాలంటే కింద మంట ఉండాలని మనం అనుకుంటాం. కాని గింజకు మంట సంగతి తెలియదు. దానికి తెలిసింది తన చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రత ఒక్కటే.

మూతపెట్టిన మామూలు గిన్నెలో నీరు మరగడం మొదలుపెట్టాక దాని ఉష్ణోగ్రత ఇక పెరగదు. సముద్రమట్టం దగ్గర అది 100 డిగ్రీల సెంటీగ్రేడు. సుమారు 270 మీటర్ల ఎత్తున ఉన్న మన వరంగల్లులో దాదాపు 99 డిగ్రీలు. మీరు మంట ఎంత పెంచినా నీరు ఇంకా వేడెక్కదు, ఆవిరి మాత్రం ఎక్కువగా పోతుంది. అంటే పెంచిన మంట గింజకు చేరడం లేదు, గాలిలో కలిసిపోతోంది.

ఇంకో సంగతి. ఉడకడానికి 99 డిగ్రీలు తప్పనిసరి కూడా కాదు. ధాన్యంలోని పిండిపదార్థపు రేణువులు సుమారు 60 నుంచి 80 డిగ్రీల మధ్యనే నీరు పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి. కోడిగుడ్డు తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. పప్పుగింజలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరగడానికి మాత్రం ఇంకొంచెం ఎక్కువ వేడి కావాలి. వేడి తగ్గినకొద్దీ ఉడకడం నెమ్మదిస్తుంది, అంతే. ఎక్కువ వేడిలో గంటలో అయ్యే పని, కాస్త తక్కువ వేడిలో నాలుగైదు గంటలు పడుతుంది. రాత్రంతా మన చేతిలో ఉన్నప్పుడు తొందరేముంది?

మన పెద్దలకు తెలిసిన విద్య

ఈ ఉపాయం కొత్తది కాదు. మీ నాయనమ్మనో అమ్మమ్మనో 'దాలి' గురించి అడిగి చూడండి. నేలలో చిన్న గుంట తీసి, అందులో పిడకలు పేర్చి నిప్పు వేసేవారు. మంట లేవదు, నిప్పు మాత్రం నివురుగప్పి ఉంటుంది. దానిమీద పొద్దున పెట్టిన పాలకుండ సాయంత్రం దాకా సన్నని సెగకు కాగుతూ ఉండేది. పాలు పొంగవు, మాడవు. ఎర్రగా, దళసరిగా మీగడ కట్టేవి.

హైదరాబాదు పాతబస్తీలో పొద్దున్నే కుల్చాతో తినే నహారీ ఉందే, అదీ ఇలాంటిదే. రాత్రంతా సన్నని సెగమీద ఉడికితే తప్ప ఆ మాంసానికి ఆ మెత్తదనం రాదు. 'నహార్' అంటే అరబ్బీలో పగలు. పేరులోనే పొద్దుటి తిండి అని ఉంది.

ఉష్ణం గురించి గొప్ప పరిశోధనలు చేసిన కౌంట్ రమ్‌ఫర్డ్ పేరు మీరు వినే ఉంటారు. 18వ శతాబ్దం చివర ఆయన జర్మనీలోని మ్యూనిక్‌లో ఉన్నప్పుడు, బంగాళాదుంపలు ఎండబెట్టే యంత్రంలో మాంసం ఉడుకుతుందేమో చూద్దామని ఒక గొర్రెజబ్బ పెట్టించాడు. మూడు గంటలైనా ఉడకలేదు. ఇక లాభం లేదని వదిలేశాడు. వంటమనుషులు దాన్ని రాత్రంతా అందులోనే ఉంచేశారు. తెల్లవారి తీసి చూస్తే మాంసం చక్కగా ఉడికి, ఎన్నడూ లేనంత రుచిగా ఉందట! తక్కువ వేడి, ఎక్కువ సేపు అనే సూత్రం రమ్‌ఫర్డ్‌కు అలా అనుకోకుండా దొరికింది.

1867లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో యోహాన్ సోరెన్‌సెన్ అనే నార్వే దేశస్థుడు ఒక పెట్టెను చూపించాడు. మరిగిన గిన్నెను అందులో పెట్టి మూస్తే చాలు, మిగతా వంట నిప్పు లేకుండానే పూర్తయ్యేది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ 1936లో విద్యుత్తుతో సన్నగా ఉడికించే పాత్రకు పేటెంటు కోరి, 1940లో పొందాడు. లిథువేనియాలోని విల్నా పట్టణంలో తన అమ్మమ్మ రొట్టెల బట్టీలో రాత్రంతా గింజల కూర ఉంచేదని అతడు తల్లి నోట విన్నాడట. ఆ పాత్రే 1971లో క్రాక్‌పాట్ అనే పేరుతో అంగళ్లకు వచ్చింది. నేడు స్లో కుక్కర్ అంటున్నది దాన్నే.

మరి ఆ కుక్కర్ లేనివాళ్ల మాటేమిటి? అది లేకపోయినా ఫరవాలేదు. అది చేసే పని ఏమిటో తెలిస్తే చాలు.

తూము బిగించిన చెరువు

పాకాల చెరువు చూశారు కదా? కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దంలో కట్టినది. వానాకాలంలో ఒక్కసారి నిండితే నెలల తరబడి పొలాలకు నీళ్లిస్తుంది. అదే తూము తెరిచి వదిలేస్తే? పైనుంచి ఎంత వరద వచ్చినా చెరువు నిలవదు.

పొయ్యి మీది గిన్నె కూడా తూము తెరిచిన చెరువులాంటిదే. కిందనుంచి మంట వేడిని నింపుతూ ఉంటే, పక్కలనుంచి, పైనుంచి అది కారిపోతూ ఉంటుంది. కారిపోయినంత మళ్లీ నింపడానికే మనం గంటల తరబడి మంట పెడుతున్నాం. స్లో కుక్కర్ కూడా కారిపోయిన వేడిని కరెంటుతో కొద్దికొద్దిగా నింపుతుంది. తూమే గట్టిగా బిగిస్తే నింపవలసిన పనే ఉండదు!

వేడి మూడు దారుల్లో పోతుందని చదువుకున్నారు: వహనం, సంవహనం, వికిరణం. గిన్నెకు నాలుగో దారి కూడా ఉంది. అది ఆవిరి. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 540 కెలోరీల వేడిని మోసుకుపోతుంది. దీన్నే బాష్పీభవన గుప్తోష్ణం అంటాం. లెక్క వేయండి. రెండున్నర లీటర్ల గిన్నెలోంచి 50 గ్రాముల ఆవిరి పోతే 27,000 కెలోరీలు పోయినట్టు. దాన్ని 2,500 గ్రాములతో భాగిస్తే దాదాపు 11. అంటే గిన్నె 11 డిగ్రీలు చల్లారిపోతుంది! మూత బిగుతుగా ఉండాలని ఎందుకంటానో ఇప్పుడు అర్థమైంది కదా?

గడ్డిపెట్టె

మన ఊళ్లలో వరిగడ్డికి కొదవ లేదు. ఒక పెద్ద అట్టపెట్టెనో, వెదురుగంపనో తీసుకోండి. అడుగున కనీసం 10 సెంటీమీటర్ల మందాన బాగా ఎండిన గడ్డి పరవండి. మధ్యలో గిన్నె పట్టేంత గూడు వదిలి చుట్టూ అంతే మందాన గడ్డి కూరండి. గడ్డి తునకలు తిండిలో పడకుండా గిన్నెకు శుభ్రమైన గుడ్డ చుట్టండి. పైన గడ్డి నింపిన సంచి, దానిమీద పాత చీరలతో కుట్టిన బొంతను నాలుగు మడతలు వేసి కప్పండి.

"సార్, గడ్డి వేడి ఇస్తదా?" అని మా పిల్లలు అడిగారు. ఇవ్వదు. గడ్డిపోచల మధ్య, గడ్డిపోచ లోపలి గొట్టంలో గాలి ఉంటుంది. కదలకుండా నిలిచిన గాలి మహా పిసినారి. నీటితో పోలిస్తే దాదాపు 20 రెట్లు తక్కువగా వేడిని చేరవేస్తుంది. గడ్డి చేసేదల్లా ఆ గాలిని కదలనీయకుండా బంధించడమే. అందుకే గడ్డిని మరీ అదిమి కూరకూడదు, గాలి బయటికి పోతుంది. తడిగడ్డి అసలు పనికిరాదు, గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది. బొంతలో, పత్తిలో, ఉన్నిలో ఉన్న గుణం కూడా ఇదే.

"గడ్డి అంటుకోదా?" అని ఇంకొకరు. 100 డిగ్రీల గిన్నె గడ్డిని అంటించలేదు. దానికి 200 డిగ్రీలకు పైగా కావాలి. కాని కట్టెల పొయ్యి మీదనుంచి దించిన గిన్నె అడుగున నిప్పురవ్వ అంటుకుని ఉండవచ్చు. కాబట్టి అడుగు తుడిచి, చూసి మరీ పెట్టాలి.

నేను చేసిన పొరపాటు

తరగతిలో ఇంత చెప్పిన నేను, ఆ రాత్రే ఇంట్లో ప్రయోగం చేశాను. ఇంట్లో ఉన్నది ఇద్దరమే కదా అని మూడు లీటర్ల గిన్నెలో మూడోవంతు మాత్రమే జొన్నరవ్వ ఉడికించి గడ్డిలో పెట్టాను. పొద్దున మూత తీస్తే రవ్వ గోరువెచ్చగా ఉంది, పైన చిన్న బుడగలు, పుల్లని వాసన. మా ఇంటావిడ చూసి, "మీ సైన్సు పెంటకుప్పకు బాగా పనికొచ్చింది" అంది.

తప్పెక్కడుందో తెలుసుకోవాలి కదా! మరుసటి ఆదివారం పిల్లలతో కలిసి బడిలో కొలిచి చూశాం. తిండి కాదు, ఉత్త నీళ్లే. ఒకే రకం గిన్నెలు రెండు. ఒకదానిలో రెండున్నర లీటర్లు, మరొకదానిలో ఒక లీటరు. మూతకు చిన్న రంధ్రం చేసి, ఎర్రని ద్రవం ఉన్న ప్రయోగశాల థర్మామీటరును రబ్బరు బిరడాలోంచి దింపాం. (జ్వరం చూసే థర్మామీటరు వాడకండి, పగిలిపోతుంది.) ఉదయం 8 గంటలకు రెండిట్లోనూ నీరు 97 డిగ్రీలుంది. గదిలో 26 డిగ్రీలు. మా నోటుపుస్తకంలో రాసుకున్నవి ఇవి:

9 గంటలకు: నిండు గిన్నె 91 డిగ్రీలు, కొద్దినీళ్ల గిన్నె 87 డిగ్రీలు.
11 గంటలకు: నిండు గిన్నె 83, కొద్దినీళ్ల గిన్నె 72.
2 గంటలకు: నిండు గిన్నె 74, కొద్దినీళ్ల గిన్నె 56.
5 గంటలకు: నిండు గిన్నె 66, కొద్దినీళ్ల గిన్నె 46.

పెట్టె ఒకటే, గడ్డి ఒకటే. ఇంత తేడా ఎందుకు? 9 నుంచి 11 వరకు చూడండి. నిండు గిన్నె 8 డిగ్రీలు చల్లారింది. నీరు రెండున్నర కిలోలు కాబట్టి పోయిన వేడి 20 కిలోకెలోరీలు. కొద్దినీళ్ల గిన్నె 15 డిగ్రీలు చల్లారింది. నీరు ఒక కిలో కాబట్టి పోయినది 15 కిలోకెలోరీలు. కారిపోయిన వేడిలో పెద్ద తేడా లేదు. ఉన్న నిల్వలోనే తేడా! చిన్న కుంటకూ పెద్ద చెరువుకూ ఒకే తూము పెడితే ముందు ఎండేది కుంటే కదా?

ఇంకో చిత్రం చూడండి. రెండు గంటల్లో 20 కిలోకెలోరీలు అంటే, సగటున సుమారు 12 వాట్లు. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వాడుకునేంత! గ్యాసుపొయ్యి ఇచ్చేది వెయ్యి వాట్లకు పైమాటే. మనం ఆ బల్బంత నష్టాన్ని ఆపలేక ఎంత ఇంధనం తగలేస్తున్నామో ఆలోచించండి.

అరవై డిగ్రీల గీత

మరి రవ్వ ఎందుకు చెడింది? తిండిని పాడుచేసే సూక్ష్మజీవులు సుమారు 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య పెరుగుతాయి. 60 పైన వాటి ఆటలు సాగవు. మరిగిస్తే చాలావరకు చస్తాయి. కాని కొన్నిరకాలు గట్టి పెంకులాంటి బీజరూపంలో మరుగుతున్న నీటిని కూడా తట్టుకుని, వేడి తగ్గగానే మేలుకుంటాయి. అనుకూలమైన వేడిలో ఒక్కొక్కటి 20 నిమిషాలకొకసారి రెండవుతుందనుకోండి. నాలుగు గంటల్లో 12 రెట్టింపులు. ఒకటి 4,096 అవుతుంది!

నా గిన్నె రాత్రి రెండు దాటాక 60 కిందికి పడిపోయి ఉంటుంది. పొద్దున ఆరింటిదాకా నాలుగు గంటలు వాటికి విందే. అలాంటిదాన్ని మళ్లీ మరిగించి తిందామనుకోకండి. కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం మరిగించినా పోదు. కాబట్టి నియమం ఇది: పొద్దున మూత తీసినప్పుడు ఆవిరి లేవాలి, గిన్నెను వట్టిచేతులతో పట్టుకోలేనంత వేడి ఉండాలి. గోరువెచ్చగా ఉంటే నిస్సంకోచంగా పారవేయండి.

ఇక్కడ మీలో తెలివైనవారు ఒక ప్రశ్న అడుగుతారు. "మరి రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున సద్ది తింటున్నాం, అంబలి పులియబెట్టి తాగుతున్నాం, అవెందుకు చెడవు?" మంచి ప్రశ్న. అది వేరే దారి. అక్కడ లాక్టిక్ ఆమ్లం తయారుచేసే సూక్ష్మజీవులు ముందుగా పెరిగి, పులుపు పుట్టించి, చెడ్డవాటిని చాలావరకు అడ్డుకుంటాయి. పెరుగు తోడుకునేదీ అలాగే. మన పెట్టెలోది వేడి కాపలా, సద్దిలోది పులుపు కాపలా. వేడి కాపలా నమ్ముకున్న తిండికి ఆ వేడి తగ్గితే రక్షణ ఉండదు.

ఇక వండుదాం

మూడు లీటర్ల గిన్నెకు కొలతలు ఇవి. జొన్నరవ్వ 2 గ్లాసులు, పెసరపప్పు 1 గ్లాసు, నీళ్లు 8 గ్లాసులు (గ్లాసు పావు లీటరుది). ఒక ఉల్లిగడ్డ, ఒక క్యారెట్, గుప్పెడు చిక్కుడు గింజలు, రెండు పచ్చిమిరపకాయలు, చిన్న అల్లం ముక్క, పసుపు, తగినంత ఉప్పు. రవ్వను సాయంత్రం బడినుంచి రాగానే నానబెట్టండి. నానిన గింజ లోపలికి వేడి, నీరు త్వరగా చేరతాయి.

రాత్రి భోజనాలయ్యాక అన్నీ కలిపి పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూ, పూర్తిగా మరగడం మొదలయ్యాక ఇంకో పది నిమిషాలు ఉడకనివ్వండి. ఈ పది నిమిషాలు తగ్గించవద్దు. చెరువు నింపేది ఇప్పుడే. గింజ లోపలిదాకా వేడి చేరాలి. గిన్నె మెడదాకా నిండి ఉండాలి. మూత బిగించి, అడుగు తుడిచి, క్షణం ఆలస్యం చేయకుండా గడ్డిలో పెట్టి కప్పండి. దించేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. మళ్లీ మళ్లీ మూత తీసి చూడవద్దు. చూసిన ప్రతిసారీ తూము తెరిచినట్టే.

పొద్దున తీసి, ఒక్క పొంగు రానిచ్చి, పోపు పెట్టి, నిమ్మకాయ పిండండి. ఇష్టమైతే ఉడికించిన గుడ్డు కలుపుకోండి. శనగల గుడాలు కూడా ఇలా చేయవచ్చు. పొద్దున నానబోసి, రాత్రి అరగంట ఉడికించి పెట్టాలి. రాజ్మా గింజలు మాత్రం ఈ పెట్టెలో వద్దు. వాటిలో సహజంగా ఉండే ఒక విషపదార్థం గట్టిగా మరిగిస్తేనే నశిస్తుంది, సన్నని వేడిలో పోదు.

ఇంకొక హెచ్చరిక. గడ్డిపెట్టె ఎందుకు, బొగ్గుల కుంపటి మీద పెట్టి తలుపులు వేసుకుని పడుకుంటే పోదా అనుకునేరు! బొగ్గు సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో నిప్పు ఎన్నడూ ఉంచవద్దు.

నెల తిరిగేసరికి ఆ అమ్మాయి తన నోటుపుస్తకం తెచ్చి చూపించింది. అట్టపెట్టె దొరకక గంపలో గడ్డి కూరి, రెండు బొంతలు కప్పిందట. మొదటిరోజు రవ్వ పలుకుగా మిగిలింది, రెండోరోజు నానబెడితే సరిపోయింది. ఇవన్నీ తేదీలతో రాసింది. చివర ఒక వాక్యం ఉంది: "ఇప్పుడు అమ్మ కూడా ఆటో ఎక్కే ముందు తింటున్నది."

నేనిచ్చిన ప్రశ్నల్లో అది లేదు. అయినా దానికే ఎక్కువ మార్కులు వేశాను.

ఈ పని ఆడపిల్లలదే అనుకోకండి. గడ్డి కూరడానికి, థర్మామీటరు చూడడానికి మగపిల్లలైనా ఒకటే. ముందు ఉత్త నీళ్లతో మీ పెట్టెను పరీక్షించండి. తొమ్మిది గంటల తరువాత 60 డిగ్రీలకు పైన ఉంటేనే అందులో తిండి పెట్టండి.

ఆలోచించండి:

1. గిన్నె లోపల, పెట్టె లోపల మెరిసే రేకు అతికిస్తే ఏ దారిన పోయే వేడి తగ్గుతుంది? రెండింటిలో ఎక్కడ అతికిస్తే లాభం?
2. ఇదే పెట్టెలో వేసవిలో చల్లని నీళ్లు పెడితే ఏమవుతుంది? గడ్డికి వేడి లోపలికి పోతోందో, బయటికి పోతోందో తెలుస్తుందా?
3. రెండు లీటర్లు పట్టే ఒక గిన్నె మంచిదా, లీటరు పట్టే రెండు గిన్నెలు మంచివా? ఎందుకు?